మే చివరి ఎండలు, గాలివానలు: రెండు తెలుగు రాష్ట్రాలకు ఈ నాలుగు రోజుల అంచనా

ఉత్తరపుగాలి, హైదరాబాద్ | బుధవారం ఉదయం 7:40

ఈ వారం ఎండ, గాలివాన రెండూ ఒకేసారి మీద పడేలా ఉన్నాయి, అందుకే విడిగా థ్రెడ్ మొదలుపెడుతున్నా. విదర్భ మీదున్న ఉపరితల ఆవర్తనం (పైన గాలి సుడిలా తిరిగే చోటు) నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు దాకా ఉత్తర దక్షిణాలుగా ఒక ద్రోణి, అంటే తక్కువ పీడనం ఉన్న పొడవాటి పట్టీ, సాగుతోంది. మే నెలలో ఇది మనకు కొత్తేం కాదు. ద్రోణికి పడమర వైపు పొడిగాలి, తూర్పు వైపు బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి. రెండూ ఎదురుపడే గీత మీద మేఘాలు లేస్తాయి. ఆ గీత యాభై కిలోమీటర్లు అటో ఇటో జరిగితే చాలు, ఒక జిల్లాలో 44 డిగ్రీల ఎండ కాస్తుంటే పక్క జిల్లాలో చెట్లు కూలుతుంటాయి.

ఈరోజు, రేపు ఎండదే రాజ్యం. ఆదిలాబాద్, మంచిర్యాల, రామగుండం, జగిత్యాల వైపు 43 నుంచి 45 మధ్య ఉండొచ్చు. పల్నాడులో రెంటచింతల చుట్టుపక్కల, ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల లోపలి మండలాల్లో కూడా దాదాపు అంతే. శుక్రవారం మధ్యాహ్నం నుంచి దక్షిణ తెలంగాణ, కర్నూలు, నంద్యాల వైపు ఉరుములు మొదలై, శనివారానికి ఉత్తర తెలంగాణకు, కోస్తా లోపలి మండలాలకు పాకే సూచనలున్నాయి.

ఎండ విషయంలో నాకు గట్టి నమ్మకం ఉంది. గాలివాన వస్తుందన్న దాని మీద ఒక మోస్తరు నమ్మకం. ఏ మండలంలో అన్నది మాత్రం అదే రోజు మధ్యాహ్నం దాకా ఎవరూ చెప్పలేరు.

ఇంకో మాట. ‘సాయంత్రం వాన పడితే చల్లబడుతుందిలే’ అని అందరం ఎదురుచూస్తాం. మే గాలివానల్లో మనుషులు ఎక్కువగా పోయేది గాలికి, పిడుగుకి. ఆ రెండూ చాలాసార్లు మొదటి చినుకు కంటే ముందే వస్తాయి. మీరు సిద్ధం కావాల్సింది ఆ అరగంట కోసం.

జగిత్యాల_వడ్లు | బుధవారం ఉదయం 8:05

అన్నా, మా వడ్లు ఐకేపీ సెంటర్‌లో (ధాన్యం కొనే కేంద్రంలో) పోసి ఉన్నాయి. కాంటా ఇంకా కాలేదు. తేమ 17 శాతం లోపు వస్తేనే తీసుకుంటారు. ఆరబెట్టాలంటే పరదాలు తీయాలి, తీస్తే వాన టెన్షన్. శుక్రవారమా, శనివారమా? ఏదో ఒకటి ఖాయంగా చెప్పండి.

ఉత్తరపుగాలి | బుధవారం ఉదయం 8:31

తమ్ముడూ, మీ వైపు ఈరోజు, రేపు వానకు అవకాశం చాలా తక్కువ. రెండు రోజులూ ధైర్యంగా పరదాలు తీసి, వడ్లు పలచగా పరిచి, మధ్యాహ్నం ఒకసారి తిరగేయండి. ఇంత పొడిగాలిలో తేమ త్వరగా దిగుతుంది. శుక్రవారం కూడా పొద్దున ఆరబెట్టుకోవచ్చు. కానీ రెండు గంటలకల్లా కుప్ప చేసి కప్పేయండి. అప్పటికి ఆకాశం నీలంగానే ఉంటుంది, ‘ఇంత ఎండలో ఎందుకు కప్పుతున్నావు’ అని పక్కవాళ్లు అంటారు కూడా. పట్టించుకోవద్దు.

కుప్ప కొప్పులా చేస్తే నీళ్లు నిలవవు. మన దగ్గర వేసవి గాలివానలో మొదటి గాలి చాలావరకు పడమర నుంచో వాయవ్యం నుంచో కొడుతుంది. ఆ వైపు పరదా అంచు మీద రాళ్లు పెట్టి వదిలేయకండి, ఇసుక నింపిన సంచులు వరసగా వేయండి. పరదా ఎగిరేది అంచు లేవడంతోనే.

నల్లమల_నీడ, నంద్యాల | బుధవారం ఉదయం 9:12

మా దగ్గర ఒక యాప్ 46 చూపిస్తోంది, టీవీలో 43 అంటున్నారు, కార్లో 48. వీటిలో దేన్ని నమ్మాలి? వడగాలి అని అధికారికంగా ఎందుకు ప్రకటించరు? ఇక్కడ మనుషులు మాడిపోతున్నారు.

రాడార్_కళ్లు, విజయవాడ | బుధవారం ఉదయం 9:50

నల్లమల గారూ, కారు సంగతి వదిలేయండి. అది రోడ్డు వేడిని, ఇంజిన్ వేడిని కలిపి చూపిస్తుంది. వాతావరణ కేంద్రంలో థర్మామీటర్‌ని గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, మనిషి ఛాతీ ఎత్తున, నీడలో పెట్టి కొలుస్తారు. ఇక రాష్ట్ర ప్రభుత్వాల ఆటోమేటిక్ స్టేషన్లు మండలాల్లో ఎక్కడికక్కడ ఉన్నాయి, తెలంగాణలోనే వెయ్యికి పైగా. స్టేషన్లు అన్ని ఉన్నప్పుడు వాటిలో ఏదో ఒకటి ఐఎండీ (భారత వాతావరణ శాఖ) కేంద్రం కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపించడం మామూలే. ‘రాష్ట్రంలో అత్యధికం ఫలానా మండలం’ అని పేపర్లో వచ్చేది ఎక్కువగా ఆ స్టేషన్ల లెక్క. రెండూ నిజమే కావచ్చు, ఒకదాన్ని ఇంకోదాంతో పోల్చకూడదు అంతే.

వడగాలికి ఐఎండీ కొలమానం ఇదీ. మైదానాల్లో ముందు 40 డిగ్రీలు దాటాలి. ఆపై మామూలు కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువుంటే వడగాలి, అంతకు మించితే తీవ్ర వడగాలి. మామూలుతో పనిలేకుండా 45 తాకితే వడగాలి, 47 తాకితే తీవ్రం. తీరంలో 37 దాటి, మామూలు కంటే 4.5 ఎక్కువుంటే చాలు. అది కూడా ఒక వాతావరణ ఉపవిభాగంలో కనీసం రెండు కేంద్రాల్లో, వరసగా రెండు రోజులు ఉండాలి. నంద్యాలలో మేలో మామూలే 40 పైన ఉంటుంది కాబట్టి 43 వచ్చినా ‘మామూలు కంటే మూడు ఎక్కువ’ దగ్గరే ఆగిపోతుంది. కాగితం మీద వడగాలి కాదు. ఒంటికి మాత్రం అది వడగాలే. నా అభిప్రాయంలో ప్రకటన కోసం ఎదురుచూడకుండా 42 దాటితే పని వేళలు మార్చుకోవాలి.

నల్లమల_నీడ | బుధవారం ఉదయం 10:04

ఇప్పుడు అర్థమైంది. ఉపాధి హామీ పనికి మావాళ్లు తెల్లవారుజామున అయిదున్నరకే వెళ్తున్నారు. పది కల్లా వచ్చేయమని గట్టిగా చెప్తాను.

బందరు_అల, మచిలీపట్నం | బుధవారం మధ్యాహ్నం 12:15

సముద్రం పక్కనే ఉన్నాం, అయినా పన్నెండుకే కొలిమిలా ఉంది. నిన్న ఈపాటికి సముద్రపు గాలి తిరిగింది, ఈరోజు ఇంకా పడమటి గాలే. కారణమేంటి? బంగాళాఖాతంలో ఏమైనా తయారవుతోందా? మే నెల అంటే మా ఊళ్లో పెద్దవాళ్లకు ఇప్పటికీ 1990 మే 9 తుఫాను గుర్తొస్తుంది.

ఉత్తరపుగాలి | బుధవారం మధ్యాహ్నం 12:48

బందరు గారూ, ప్రస్తుతానికి అల్పపీడనం సూచనలేవీ కనిపించడం లేదు. మీరన్నట్టు మే మనకు తుఫాను నెల కూడా, 2010లో లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది మే 20నే. కాబట్టి ఒక కన్ను అటు వేసే ఉంచుతా.

మీ వేడికి కారణం పడమటి గాలి బలం. మామూలు రోజుల్లో నేల వేడెక్కగానే పదకొండు, పన్నెండు మధ్య సముద్రపు గాలి లోపలికి తోసుకొస్తుంది, ఉష్ణోగ్రత అక్కడితో ఆగిపోతుంది. లోపలి నుంచి పొడిగాలి బలంగా వీచే రోజున దానికి ఎదురు నిలబడలేక సముద్రపు గాలి తీరం దగ్గరే ఆగిపోతుంది, లేదా మూడు దాటాక వస్తుంది. ఆ ఆలస్యంలోనే మచిలీపట్నం, బాపట్ల, ఒంగోలు, కావలి లోపలి ఊళ్లతో పోటీ పడతాయి. బంగాళాఖాతంలో తుఫాను పుట్టి మనకు రాకుండా ఉత్తరంగా పోయినప్పుడు కూడా ఇదే జరుగుతుంది, తేమనంతా అటు లాక్కుని మన మీదికి పడమటి పొడిగాలిని వదులుతుంది. తుఫాను తప్పిందని ఊపిరి పీల్చుకునేలోపే ఎండలు ముదురుతాయి.

గుంటూరు_డాక్టర్ | బుధవారం మధ్యాహ్నం 2:20

ఎండ గురించి నా వైపు నుంచి నాలుగు మాటలు. 2015 మేలో వడగాలులకు రెండు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది బయట కాయకష్టం చేసేవాళ్లు, ముసలివాళ్లు.

వడదెబ్బని గుర్తుపట్టడంలో జనం ఒక దగ్గర పొరబడుతున్నారు. ‘చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదు’ అంటారు. పొలంలో, సైట్‌లో పనిచేస్తూ పడిపోయినవాళ్లకు ఒళ్లంతా చెమట ఉండొచ్చు. చూడాల్సింది మాట తీరు. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, చిరాకు పడుతున్నా, నడక తడబడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది ఎమర్జెన్సీయే. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపు అక్కడే చల్లబరచడం మొదలుపెట్టాలి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. ఐస్ దొరికితే మెడ, చంకలు, గజ్జల దగ్గర పెట్టండి. ఆసుపత్రికి చేరాక చల్లబరుస్తారులే అని ఆగితే మెదడు, కిడ్నీలు దెబ్బతింటాయి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. జ్వరం మాత్ర వేయకండి, వడదెబ్బలో అది పనిచేయదు.

బీపీ, గుండె మందులు వాడేవాళ్లలో కొందరికి నీళ్లు ఎక్కువ పోయేలా చేసే మాత్రలుంటాయి. వాటిని సొంతంగా ఆపేయకుండా మీ డాక్టర్‌ని ఒకసారి అడగండి.

బందరు_అల | బుధవారం మధ్యాహ్నం 2:41

డాక్టర్ గారూ, ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే మజ్జిగ సరిపోతుందా?

గుంటూరు_డాక్టర్ | బుధవారం మధ్యాహ్నం 3:02

ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, రాగి అంబలి రెండూ మంచివే, రోజంతా తాగండి. విరేచనాలో వాంతులో ఉంటే మాత్రం ఓఆర్ఎస్సే కావాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం.

సైట్_సూపర్‌వైజర్, హైదరాబాద్ | బుధవారం రాత్రి 9:15

శుక్రవారం గాలి ఎంత వేగంతో రావచ్చు? మా దగ్గర కూలీలు రేకుల షెడ్లలో ఉంటారు, గోడ పక్కనే. 2024 మే 7న బాచుపల్లిలో వానకు గోడ కూలి ఏడుగురు చనిపోయారు కదా. అప్పటి నుంచి ఉరుము వినబడితే నిద్ర పట్టదు.

ఉత్తరపుగాలి | బుధవారం రాత్రి 10:05

మీరు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. ఇలాంటి పరిస్థితుల్లో గంటకు 40 నుంచి 60 కిలోమీటర్ల గాలి చాలాచోట్ల ఉంటుంది. ఒకటి రెండు చోట్ల 70, 80 కూడా తాకొచ్చు. 62 దాటితే ఐఎండీ లెక్కలో అది తీవ్రమైన ఉరుముల గాలివాన.

అంత గాలి ఎక్కడి నుంచి వస్తుందంటే, ఎండ ముదిరిన రోజున నేల దగ్గర గాలి పొడిగా, మేఘం అడుగు బాగా ఎత్తులో ఉంటుంది. మేఘం నుంచి పడే చినుకులు ఆ పొడిగాలిలో సగం దారిలోనే ఆవిరవుతాయి. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ గాలిని చల్లబరుస్తాయి, చల్లబడ్డ గాలి బరువెక్కి కిందికి జారుతుంది. నేలను తాకి నాలుగు వైపులా చిమ్ముతుంది. అంటే పగలు ఎండ ఎంత ముదిరితే సాయంత్రం గాలి అంత ప్రమాదం. 2024 మే 26న నాగర్‌కర్నూల్ వైపు అలాంటి గాలికే కడుతున్న కోళ్లఫారం షెడ్డు కూలి మనుషులు పోయారు.

శుక్రవారం మూడు తర్వాత కూలీలను కొత్త గోడల పక్కన, రేకుల షెడ్లలో ఉండనీయకండి. శ్లాబు పడిన అంతస్తు ఏదైనా ఉంటే అక్కడికి చేర్చండి. క్రేన్ పని, పరంజా పని రెండు గంటలకే ఆపేయండి.

సైట్_సూపర్‌వైజర్ | బుధవారం రాత్రి 10:20

శ్లాబు పడిన సెల్లార్ ఒకటి ఉంది. అక్కడ ఉంచొచ్చా?

ఉత్తరపుగాలి | బుధవారం రాత్రి 10:24

సెల్లార్ వద్దు. గంటలో అయిదారు సెంటీమీటర్ల వాన పడితే మొదట నీళ్లు చేరేది అక్కడే. మొదటి అంతస్తు మంచిది.

నిర్వాహకులు | గురువారం ఉదయం 6:30

సభ్యులకు మనవి. పాత తుఫానుల వీడియోలు ‘ఇప్పుడే’ అని పెడుతున్నారు. ఊరు, సమయం లేని ఫొటోలు, వీడియోలు తీసేస్తాం. ఐఎండీ రంగుల గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోమని.

మేకల_మంద, అచ్చంపేట | గురువారం ఉదయం 7:55

మాది గొర్రెలు, మేకలు కాచే కుటుంబం. నాన్న పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తాడు. అడవి అంచున ఇల్లు ఉండదు, షెడ్డు ఉండదు, చెట్లే దిక్కు. పిడుగులు పడేటప్పుడు చెట్టు కిందికి వెళ్లొద్దంటారు. మరి ఎక్కడికి వెళ్లాలి?

రాడార్_కళ్లు | గురువారం ఉదయం 8:40

తమ్ముడూ, ఈ ప్రశ్నకు తేలిక జవాబు లేదు. ఆరుబయట పూర్తిగా సురక్షితమైన చోటంటూ ఉండదు. అందుకే ముందే బయటపడటం ఒక్కటే నమ్మదగిన దారి.

నాన్నగారి ఫోన్‌లో దామిని యాప్ పెట్టండి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసింది, ఉచితం. మీరున్న చోటు నుంచి 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగులు పడుతుంటే చూపిస్తుంది. సిగ్నల్ లేని చోట చెవే సాధనం. మెరుపుకు, ఉరుముకు మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే అన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. ముప్పై సెకన్లలోపు వచ్చిందంటే పది కిలోమీటర్లలోపే ఉంది, తర్వాతి పిడుగు మీ దగ్గరే పడొచ్చు. అప్పటికే మంద ఊరి దారి పట్టి ఉండాలి. చివరి ఉరుము వినిపించాక కూడా అరగంట ఆగాలి, చాలామంది ‘తగ్గిపోయింది’ అని బయటికి వచ్చినప్పుడే పోతారు.

దారిలోనే చిక్కుకుంటే ఒంటరి చెట్టు, గట్టు మీద చోటు, చెరువు ఒడ్డు, కరెంటు స్తంభం, కంచె తీగ, వీటన్నిటికీ దూరంగా పల్లంగా ఉన్న చోటికి వెళ్లి రెండు పాదాలు దగ్గరగా పెట్టి, తల దించి గొంతుకూర్చోవాలి. నేల మీద పడుకోకూడదు. పిడుగు చెట్టు మీద పడినా కరెంటు నేల వెంట పాకుతుంది, ఒళ్లు నేలకు ఎంత తక్కువ తగిలితే అంత మంచిది. ముగ్గురు నలుగురు ఉంటే ఒక్కచోట గుమికూడకుండా విడివిడిగా ఉండాలి.

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటల్లో 36,749 పిడుగులు నమోదైనట్టు విపత్తుల నిర్వహణ సంస్థ లెక్క చెప్పింది. అది కూడా వేసవి రోజే, ఇలాంటి ఎండ, తేమ కలిసిన రోజే.

మేకల_మంద | గురువారం ఉదయం 8:58

చాలా థ్యాంక్స్ అన్నా. శుక్రవారం, శనివారం మందను ఊరి దగ్గరి బీడులోనే మేపమని చెప్తా. మేత తక్కువైనా సరే.

స్తంభం_ఎక్కేవాడు | గురువారం మధ్యాహ్నం 1:10

నేను కరెంటు లైన్ పని చేస్తాను. గాలివాన తర్వాత మాకు వచ్చే చావు వార్తల్లో సగం తెగిన తీగ తొక్కినవే. కరెంటు పోయింది కదా అని తీగ చచ్చిందనుకోవద్దు, అవతల నుంచి ఎవరో ఇన్వర్టర్, జనరేటర్ నడిపితే అందులోకి కరెంటు తిరిగి రావచ్చు. తడినేల మీద తెగిన తీగ ఉంటే చుట్టూ నేలలో కూడా కరెంటు ఉంటుంది. దగ్గరగా ఉన్నట్టు తెలిస్తే పెద్ద అంగలు వేయకుండా పాదాలు నేలకు రాసుకుంటూ చిన్నగా వెనక్కి జరగాలి. గేదె పడిపోయింది కదా అని పట్టుకోవడానికి పరుగెత్తకండి. 1912కి ఫోన్ చేయండి, స్తంభం మీద నంబరు చెప్తే మాకు వెతుక్కునే పని తప్పుతుంది.

విశాఖ_కొండగాలి | గురువారం మధ్యాహ్నం 3:35

ఉత్తరాంధ్రని ఎవరూ పట్టించుకోవడం లేదు! ఇక్కడ 36 డిగ్రీలే, కానీ ఉక్కపోతకు ఊపిరాడటం లేదు. రాత్రి కూడా తగ్గడం లేదు.

ఉత్తరపుగాలి | గురువారం సాయంత్రం 4:10

విశాఖ గారూ, మీ 36 మా 43కి తక్కువేం కాదు. తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. రాత్రి 30 దగ్గరే ఆగిపోతే పగటి అలసట తీరదు, అది రోజురోజుకూ పోగవుతుంది.

వాన సంగతికొస్తే, మీ దగ్గర కథ కొండల్లో మొదలవుతుంది. పాడేరు, అరకు, పార్వతీపురం వైపు మధ్యాహ్నం మేఘాలు లేస్తాయి, సాయంత్రానికి తూర్పుకు జారుతూ విజయనగరం, శ్రీకాకుళం మీదికి వస్తాయి. కొన్ని రోజులు తీరం చేరేలోపే చచ్చిపోతాయి. శనివారం చేరతాయని నా అంచనా. నాలుగు తర్వాత పడమటి కొండల మీద ఆకాశం నల్లబడితే మేడ మీద వస్తువులు దించేయండి.

నల్లమల_నీడ | గురువారం సాయంత్రం 5:20

ఇవి రుతుపవనాల వానలేనా? నిరుడో మొన్నో మే చివరికే వచ్చేశాయని గుర్తు. ఇక్కడ కొందరు విత్తనాలు కొనడం మొదలుపెట్టారు.

రాడార్_కళ్లు | గురువారం సాయంత్రం 6:02

కావు, దయచేసి విత్తనాలు వేయనీయకండి. మీరు చెప్పేది 2025. ఆ ఏడాది కేరళను మే 24నే తాకాయి, 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే. మామూలుగా కేరళకు జూన్ 1. కేరళలో కూడా ఒక వాన పడగానే ప్రకటించరు. మే 10 తర్వాత ఎంచుకున్న 14 కేంద్రాల్లో 60 శాతం చోట్ల వరసగా రెండు రోజులు 2.5 మిల్లీమీటర్లు పడాలి, పడమటి గాలి తగినంత ఎత్తు వరకు ఉండాలి, మేఘాల దట్టం సరిపోవాలి.

ఇప్పుడు వచ్చేవి మధ్యాహ్నం లేచి రాత్రికి ఆరిపోయే వానలు. ఒక ఊళ్లో దంచికొట్టి పక్క ఊళ్లో చుక్క పడదు. మర్నాడు మళ్లీ అదే ఎండ. ఈ తడికి మొలకెత్తిన గింజ తర్వాతి పది రోజుల ఎండకు మాడిపోతుంది. రోహిణి కార్తె ఇంకా ముందుంది.

జగిత్యాల_వడ్లు | గురువారం రాత్రి 7:45

రాళ్ల వాన పడుతుందా? మామిడికాయ ఇంకా చెట్టు మీదే ఉంది.

ఉత్తరపుగాలి | గురువారం రాత్రి 8:30

మార్చి, ఏప్రిల్‌తో పోలిస్తే మే చివరికి వడగండ్ల భయం తగ్గుతుంది. గాలి సున్నా డిగ్రీలకు చేరే ఎత్తు ఇప్పుడు అయిదు కిలోమీటర్ల దగ్గరుంటుంది, అక్కడి నుంచి పడే రాయి దారిలోనే చాలావరకు కరిగిపోతుంది. పూర్తిగా లేదని మాత్రం అనలేం. మామిడికి నా భయం గాలి గురించే. కోతకు వచ్చిన కాయ రేపు పొద్దునే దించేయండి, రాలితే ధర సగం కూడా రాదు.

ఈరోజు సాయంత్రం హైదరాబాద్‌లో గాలిని కొలవడానికి పైకి వదిలే బెలూన్ లెక్క చూశాను. నేల దగ్గర తేమ పెరుగుతోంది. పైన కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్ల ఎత్తున వేడిగాలి పొర ఒకటి ఉడుకుతున్న గిన్నె మీద మూతలా కూర్చుంది. కింద శక్తి చాలా ఉంది, ఆ శక్తిని కొలిచే కేప్ విలువ రెండున్నర వేలు దాటింది. మూత గట్టిగా ఉంటే రేపు కూడా ఉక్కపోతతో గడిచిపోతుంది. మధ్యాహ్నం ఎండకు ఒక్కచోట తెగితే మాత్రం అక్కడ మేఘం గంటలోపే పన్నెండు, పద్నాలుగు కిలోమీటర్లు లేస్తుంది.

రాడార్_కళ్లు | గురువారం రాత్రి 9:05

రేపటి విషయంలో మీతో ఏకీభవిస్తాను. శనివారం కోస్తా లోపలి భాగాలకు పాకుతుందన్నదే నాకు నమ్మకం కుదరడం లేదు. పడమటి గాలి ఇంత బలంగా ఉంటే పల్నాడు, గుంటూరుల్లో తేమ నిలవదు, మూత తెగదు. అక్కడ వాన వస్తుందని చెప్పడం వల్ల జనం ఎండ జాగ్రత్తలు వదిలేస్తారేమోనని నా భయం. ఆ జిల్లాల వాళ్లు శనివారం కూడా ఎండ రోజనే అనుకోవాలి.

ఉత్తరపుగాలి | గురువారం రాత్రి 9:22

మీ జాగ్రత్త సరైనదే. నాలుగు దాటాక సముద్రపు గాలి లోపలికి వస్తే దాని అంచున ఒకటి రెండు మేఘాలు లేస్తాయని నా లెక్క. అప్పటిదాకా పగలంతా ఎండే. ఆ జిల్లాల వాళ్లు రెంటికీ సిద్ధపడితే నష్టం లేదు.

ఉత్తరపుగాలి | శుక్రవారం మధ్యాహ్నం 2:35

వికారాబాద్ పడమర వైపు మొదటి మేఘం లేచింది. ఇంకొకటి శ్రీశైలానికి వాయవ్యంగా. హైదరాబాద్ రాడార్‌లో రెండూ కనిపిస్తున్నాయి. ఐఎండీ నౌకాస్ట్ (వచ్చే మూడు గంటల అంచనా) వచ్చింది, మీ జిల్లా పేరుందేమో చూసుకోండి. మచిలీపట్నం, విశాఖ రాడార్లలో ఇప్పటికి ఏమీ లేదు.

రాడార్ చూసేవాళ్లకు ఒక మాట. ఎరుపు ఎక్కడుందన్నది ఒక్కటే చూడొద్దు, గత మూడు నాలుగు చిత్రాలు వరసగా చూసి ఎటు కదులుతోందో పట్టుకోండి. మేఘానికి ముందు సన్నటి గీతలా ఒక వంపు కనబడితే అది గాలి అంచు. వాన మీ దగ్గరికి రాకపోయినా ఆ గాలి వస్తుంది.

సైట్_సూపర్‌వైజర్ | శుక్రవారం సాయంత్రం 4:18

పని ఆపేశాం. అందరూ మొదటి అంతస్తులో ఉన్నారు. ఇప్పటిదాకా వేడిగాలి, అయిదు నిమిషాల క్రితం గాలి పూర్తిగా ఆగిపోయింది. పడమర వైపు నేలకు ఆనుకుని ఎర్రటి దుమ్ము గోడలా లేస్తోంది, దాని పైన మేఘం నల్లగా కాదు, ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు.

సైట్_సూపర్‌వైజర్ | శుక్రవారం సాయంత్రం 4:41

వచ్చింది. ఒక్కసారిగా చల్లటి గాలి, వెంటనే కళ్లలో దుమ్ము. చుక్క వాన లేకుండానే పక్క ప్లాట్‌లో రేకులు లేచి మా షెడ్డు మీద పడ్డాయి. లోపల ఎవరూ లేరు. ఆ తర్వాత పది నిమిషాలకు వాన.

స్తంభం_ఎక్కేవాడు | శుక్రవారం సాయంత్రం 5:30

మా సెక్షన్‌లో స్తంభాలు ఒరిగాయి, చెట్లు తీగల మీద పడ్డాయి. రాత్రికి కరెంటు కష్టం, ఫోన్ చార్జింగ్ దాచుకోండి. తెగిన తీగ చూస్తే ఫొటో కోసం దగ్గరికి వెళ్లకండి.

నల్లమల_నీడ | శుక్రవారం రాత్రి 8:10

ఇక్కడ అరటి తోటలు కొన్ని పడుకున్నాయి, గెలలు కోతకు వచ్చినవి. మా వీధిలో వాన నాలుగు చినుకులే. మనుషులకేం కాలేదు.

మేకల_మంద | శుక్రవారం రాత్రి 8:26

నాన్న నాలుగింటికే మందతో వచ్చేశాడు. అయిదున్నరకు అడవి వైపు పిడుగులు వరసగా పడ్డాయి.

జగిత్యాల_వడ్లు | శనివారం ఉదయం 6:50

మా వైపు నిన్న చుక్క లేదు. తేమ 16కి వచ్చింది, ఈరోజు పదకొండుకు కాంటా అంటున్నారు. సంచులు నింపి పెట్టాలా, కుప్పలోనే ఉంచాలా?

ఉత్తరపుగాలి | శనివారం ఉదయం 7:15

సంతోషం తమ్ముడూ. గన్నీ సంచుల్లోకి ఇప్పుడే నింపేయండి, కానీ నేల మీద పేర్చకుండా కింద చెక్కలో ఇటుకలో వేయండి, వాన నీళ్లు అడుగు నుంచే తడుపుతాయి. ఈరోజు ద్రోణి కాస్త తూర్పుకు జరిగింది. మీ వైపు నిన్నటికంటే అవకాశం ఎక్కువ, మూడు నుంచి ఏడు మధ్య. కాంటా ఆలస్యమైతే ఒంటిగంటకే పరదా కప్పి, పడమటి అంచు బిగించండి. లారీ వచ్చినా ఉరుముతుండగా లోడింగ్ చేయించకండి, హమాలీలు ఆ పావుగంట ఆఫీసు గదిలో కూర్చోనివ్వండి.

పల్నాడు, గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల వాళ్లకు నాలుగు దాకా ఎండ జాగ్రత్తలే. మచిలీపట్నం రాడార్ మీద సముద్రపు గాలి గీత కనిపిస్తే ఇక్కడే పెడతాను. ఉత్తరాంధ్ర వాళ్లు మూడు నుంచి కొండల వైపు చూస్తూ ఉండండి.

రాడార్_కళ్లు | శనివారం ఉదయం 7:32

మచిలీపట్నం రాడార్ నేను చూస్తాను, మీరు హైదరాబాద్ చూడండి. రెండు గంటల నుంచి ప్రతి అరగంటకూ పోస్ట్ చేస్తా.